ఈరన్న నమ్మిన ముల్లు

2022 వేసవి. ఆదోనిలో ఆలూరు రోడ్డు పక్కన మా కార్ల మెకానిక్ షెడ్. ఆ ఉదయం అక్కడున్నవి: వైరింగ్ కాలి మీటర్లన్నీ చచ్చిపోయిన ఒక పాత పెట్రోల్ కారు, తుక్కు దుకాణం నుంచి నేను తెచ్చిన క్లస్టర్, అంటే స్టీరింగ్ వెనక మీటర్లన్నీ ఉండే డబ్బా. ఉన్నవాళ్లు: నేను, కారు యజమాని ఈరన్న, ఆయన భార్య రంగమ్మ.

పత్తి జిన్నింగ్ మిల్లు మోతలో పదహారేళ్లు పనిచేసి ఈరన్న వినికిడి పోగొట్టుకున్నాడు. ఆ పని మానేసి, ఎమ్మిగనూరుకు మనుషుల్ని తిప్పడానికి ఈ కారు కొన్నాడు. అందరూ ఇంజిన్ శబ్దాన్ని బట్టి గేరు మారుస్తారు. ఆయన ఆర్‌పీఎం ముల్లును చూసి మారుస్తాడు. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది అదే.

"వినపడకపోయేది ఒకందుకు మేలేనప్పా, ఈమె తిట్లు తప్పినాయి," అన్నాడు.

"యాడ తప్పినాయి? పెదాలు సూసి అన్నీ పట్టేస్తాడు," అంది రంగమ్మ.

క్లస్టర్ సాకెట్‌లో సరిగ్గా కూర్చుంది. స్టార్ట్ చేస్తే ముల్లు లేచింది. "మూడు వేలు దాటనీయకన్నా, అంతవరకు భయం లేదు," అని నిదానంగా చెప్పాను. ఆయన నా పెదాలనే చూశాడు.

నాలుగు నెలలకు కారును ట్రాక్టర్‌కు కట్టి లాక్కొచ్చారు. పిస్టన్‌ను పట్టి ఉండే కనెక్టింగ్ రాడ్ విరిగి ఇంజిన్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికొచ్చింది. లోపల ఆయిల్ దాదాపు లేదు.

"బండి అరుస్తాంది, గేరు మార్చు అని ఎక్కినప్పుడల్లా సెప్తా ఉంటి. ముల్లు మూడు దాటలేదు, ఆయప్ప సెప్పినాడు కదా అంటా ఉండె," అంది రంగమ్మ.

క్లస్టర్ విప్పి వెనక స్టిక్కర్ చదివాను. అది నాలుగు సిలిండర్ల కారుది. ఈరన్న కారుకు ఉన్నవి మూడే. సిలిండర్ మండినప్పుడల్లా మీటరుకు ఒక పల్స్ అందుతుంది. రెండు చుట్లకు నాలుగు పల్స్‌లు రావాలని లెక్కవేసే మీటరుకు మూడే అందాయి. ముల్లు మూడు వేలు చూపినప్పుడు ఇంజిన్ నాలుగు వేలు తిరిగింది. నిండా జనంతో అలా నెలల తరబడి తిరిగి పాత ఇంజిన్ ఆయిల్ తాగేసింది. ఆ తర్వాత ఆయిల్ లేక బేరింగ్ అరిగి కొట్టుకున్న చప్పుడు ఆయనకు వినపడలేదు.

ఇంజిన్ కంప్యూటర్ నుంచి అసలు చుట్లు చదివే స్కానర్ పెట్టి ముల్లుతో సరిపోల్చడం రెండు నిమిషాల పని. ముల్లు లేచింది కదా అని నేను పెట్టలేదు.

"నేనే తప్పుగా నడిపినానా అప్పా?" అని అడిగాడు ఈరన్న.

"లేదన్నా. నువ్వు సరిగ్గానే నడిపినావు. తప్పు నాది."

"ఆ మాట ఆమెకు సెప్పు. గట్టిగా సెప్పు."

చెప్పాను. పత్తి సీజన్ మొదలవగానే ఆయన మళ్లీ అదే మిల్లులో చేరాడు.

ముల్లు కదిలినంత మాత్రాన మీటరు నిజం చెబుతున్నట్టు కాదు. ఇప్పుడు స్కానర్ పక్కన లేకుండా క్లస్టర్ బిగించను. ఈరన్న కారుకు ముందు అలా చూడకుండా బిగించినవి పందొమ్మిది. వాటిలో మళ్లీ స్కానర్ పెట్టి చూడటానికి ఇప్పటికి వెతికి పట్టుకోగలిగినవి ఏడు.