గొలుసులో నేను వదిలిన చెయ్యి

నా ఎడమ అరచేతిలో ఏళ్లుగా ఒక బరువు ఉంది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే ఈపాటికి మాట మార్చేసేవాణ్ణి. అబద్ధమాడి ఒక మనిషి నుంచి ఆటను లాగేసుకున్నాను.

మాది తాండూరు. వయసులో ఉన్నప్పుడు నాకు కబడ్డీ తప్ప వేరే లోకం లేదు. మైదానంలో నా పక్కన నిలబడేది నందిని. అప్పట్లో మేమంతా ఆమెను మగపిల్లాడనుకుని మగపేరుతోనే పిలిచేవాళ్లం. ఆ పేరు ఇక్కడ రాయను. నందిని అన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు. జట్టులో దాన్ని విన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

ఊరి బయట పాత నాపరాళ్ల క్వారీ ఒకటి నీళ్లు నిండి ఉండేది. ఊపిరి పెరగాలని అక్కడ కూత సాధన చేసేవాళ్లం. ఒకే ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" అంటుంటే రాతి గోడలు మళ్లీ అనేవి. మైదానంలో గొంతు బొంగురు చేసుకుని కూత పెట్టే నందిని ఒకరోజు అక్కడ తన అసలు గొంతుతో పెట్టింది. సన్నటి గొంతు. నీళ్లలోంచి ఇంకెవరో అంటున్నారనుకుని ఉలిక్కిపడ్డాను. అప్పుడే చెప్పింది. జుట్టు పెంచుకోవాలని ఉందట, చీర కట్టుకోవాలని ఉందట. కట్టుకుంటే అబ్బాయిల జట్టులో ఉంచరు, అమ్మాయిల జట్టులోకి రానివ్వరు. "జిల్లా టీమ్‌ల ఒక్కసారి ఆడాలె, అన్నా. గదయినంక నేనేందో అందరికి నేనే చెప్త. గప్పటిదాంక నీ కడుపుల వెట్టుకో" అంది. మాటిచ్చాను. ఆ మాట తప్పలేదని చాలాకాలం నన్ను నేనే మెచ్చుకున్నాను.

జిల్లా జట్టు ఎంపిక పోటీలు వికారాబాద్‌లో జరిగాయి. చివరి కూత. మేం ఒక్క పాయింటు ముందున్నాం. పట్టేవాళ్లు ఇద్దరిద్దరు చేతులు కలిపి గొలుసు కడతారు, మధ్యలో చిక్కినవాడి పని అయిపోయినట్టే. నా ఎడమ చెయ్యి నందిని చేతిలో ఉంది. గీత బయట ఎవడో ఈలవేసి, "చేతులు ఇడుస్తలేరు, లగ్గమెప్పుడురా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. అందరినీ అలాగే ఆటపట్టిస్తారు, కొత్తేమీ కాదు. కానీ ఆ రోజు నా చూపు జనం మీదికి పోయింది. వీళ్లకు తెలిసిపోయిందా? ఆమెతో పాటు నన్నూ కలిపేస్తారా? కూతకొచ్చినవాడు సరిగ్గా మా మధ్యకే దూరాడు. నేను చెయ్యి వదిలేశాను. వాడు ఇద్దరినీ తాకి గీత దాటాడు. ఓడిపోయాం.

గొలుసు తెగితే ఎవరి వేళ్లు విడిపోయాయో చూసేవాళ్లకు తెలియదు. ఆ ఇద్దరికే తెలుస్తుంది.

"ఎవడ్రా చెయ్యి ఇడిసింది?" అని అరిచాడు కోచ్.

"వాడే సార్. నేను గట్టిగనే పట్టుకున్న" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత తల దించుకుని, "అవ్ సార్. నేనే ఇడిసిన" అంది.

"ఇగ నీకు జిల్లా టీమ్ లేదు. పో."

నన్ను తీసుకున్నారు. ఆ ఆట పేరు మీదే వికారాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆమె మళ్లీ మైదానానికి రాలేదు. కొన్నాళ్లకు ఊళ్లోనే కనబడలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం క్వారీ పక్కనుంచి బండి మీద వెళుతుంటే కూత వినిపించింది. సన్నటి గొంతు. బండి ఆపి తొంగిచూశాను. ఎవరూ లేరు, నీళ్లు కదలడం లేదు. ఎంత దమ్మున్న మనిషైనా అంతసేపు ఊపిరి తెగకుండా అనలేడు. అప్పటి నుంచి ఆ దారిన ఎప్పుడు వెళ్లినా అది సాగుతూనే ఉంటుంది. ఉద్యోగానికి రైల్లో వెళతాను. రద్దీలో నిలబడి ఉండగా నా ఎడమ చేతిలోకి తడి వేళ్లు వచ్చి దూరతాయి. పక్కవాడి వైపు చూస్తే అతని చేతులు రెండూ పైన కడ్డీ మీదే ఉంటాయి. ఆమె చచ్చిపోయిందనుకున్నాను. ఆ నీళ్లలోనే అనుకున్నాను. దర్గాలో తాయెత్తు కట్టించుకున్నాను, ఏం లాభం?

మొన్న పాత జట్టువాడొకడు కలిశాడు. నందిని పరిగిలో ఉందట. కుట్టుమిషను పెట్టుకుంది, చీరలో, పొడుగాటి జడతో చల్లగా ఉందట. కబడ్డీ ముచ్చట ఎత్తగానే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోయిందట. ఎంతసేపు కూర్చున్నా మళ్లీ బయటికి రాలేదట.

బతికే ఉంది! ఆ సాయంత్రమే క్వారీకి పరుగెత్తాను. కూత ఆగలేదు. బతికున్న మనిషి దయ్యమవుతుందా? ఆమెలో నేను చంపింది ఒకటుంది కదా, అదే అక్కడ ఆడుకుంటోందేమో. నాకు భయమేసింది, ఏడుపూ వచ్చింది.

పరిగి బస్సు ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాటివ్వను. నా మాటల సంగతి చూశారుగా. నేను వెళ్లి క్షమించమంటే ఆమె మళ్లీ తల దించుకుని సరే అనాల్సి వస్తుంది.

చెయ్యి వదలడం ఒక్క క్షణం పిరికితనం. దాన్నే నా తప్పని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను. తప్పు అది కాదు. కోచ్ అడిగినప్పుడు నాకు ఆలోచించే వ్యవధి ఉంది. నేనేమన్నా ఆమె కాదనదని తెలుసు. కాదంటే క్వారీ దగ్గర చెప్పింది ఎక్కడ బయటపెడతానోనని ఆమె భయం. ఆమె కళ్లలో ఆ భయాన్ని చూసి, తర్వాత దానికి ఆమె మంచితనమని పేరు పెట్టుకున్నాను. ఇది ఇంతవరకు నాకు నేను కూడా చెప్పుకోలేదు. చెప్పాక కాస్త తేలికగా ఉంది, దానికీ సిగ్గుగా ఉంది. ఆమె నిజం చెప్పలేని స్థితిలో ఉందని తెలిసే, ఆమె వైపు వేలు చూపించాను.