దిక్కులేనిదని రాసిందెవరు?

మా మనవరాలు టర్కీ సీరియళ్ళ పిచ్చిలో పడి ఈ మధ్య ఫోనులో ఆ భాషే నేర్చుకుంటోంది. మొన్న నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని, "నానమ్మా, అనాథ అంటే అసలు అర్థమేంది?" అని అడిగింది. టర్కీలో ఆ మాటకు రెండు పేర్లున్నాయట. తండ్రి లేని పిల్లను యెతిమ్ అంటారట, తల్లి లేని పిల్లను ఒక్సూజ్ అంటారట. మొదటిది నేను ఎరిగిన మాటే, మన దగ్గర ఉర్దూ వచ్చిన పెద్దలు యతీం అంటుండగా విన్నాను. రెండోది మాత్రం ఎన్నడూ వినలేదు. ఎవరు పోయారో ఆ మాటలోనే చెప్పుకున్నారు కదా వాళ్ళు, అనుకున్నాను. మన మాట అట్లా కాదు. అనాథ అంటే నాథుడు లేనిదని, అంటే దిక్కులేనిదని. పోయినవాళ్ళ ఊసు అందులో లేదు, బతికున్నవాళ్ళందరినీ లేనట్టు కొట్టిపారేస్తుంది. ఇన్నేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్నే అయినా, ఆ అర్థాన్ని దానికి చెబుతుంటే ఒళ్ళు మండింది.

నాకు ఊహ తెలియకముందే నాన్న పోయాడు, ఏడేళ్ళప్పుడు అమ్మ పోయింది. వేములపల్లిలో మా అమ్మమ్మ నన్ను పెంచింది. నాట్లకూ కలుపుకూ పోయి, వచ్చాక నా తలకు నూనె రాసి, నేను చదువుతుంటే అక్షరం ముక్క రాకపోయినా అర్థమవుతున్నట్టు తల ఊపుతూ కూర్చునేది. ఆరో తరగతికి మిర్యాలగూడ బడిలో చేర్చింది. ఆ రోజు తండ్రి పేరు రాయవలసిన చోట ఆఫీసులో ఆయన ఒకే ఒక్క మాట రాసుకున్నాడు. ఏం రాశాడో చూసే తెలివి నాకు లేదు, చదివే చదువు ఆమెకు లేదు.

అది తెలిసింది దసరా సెలవుల ముందు. బియ్యం మిల్లు సేటు ఒకాయన బట్టలు పంచడానికి వచ్చాడు. పిల్లలందరినీ ఆవరణలో కూర్చోబెట్టి, "అనాథలు లేచి నిలబడండి" అని మైకులో పిలిచారు. నేను కదల్లేదు, ఎందుకంటే నన్ను కాదనుకున్నాను. ఆఫీసాయన వచ్చి జబ్బ పట్టి లేపాడు. నాతో ఒకే బెంచీ మీద కూర్చునే పిల్లలు నన్ను కొత్తగా చూసిన ఆ చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. గుడ్డ చేతిలో పెట్టి ఫొటో తీసి, అందరినీ చప్పట్లు కొట్టమన్నారు.

ఇంటికి వచ్చి చెప్పాను. అమ్మమ్మ ఆ గుడ్డను మడిచి పక్కన పెట్టింది. తెల్లారి కూలి మానుకుని, ఆ గుడ్డ చంకన పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. హెడ్మాస్టరు గారి బల్ల మీద గుడ్డ పెట్టి నిలబడింది.

"సారూ, నేను బతికే ఉన్న గద. పొద్దుగాల దీనికి జడేసింది నేను, సద్ది గట్టింది నేను. ఇది దిక్కులేనిదెట్లయితది?"

ఆయన నెమ్మదిగానే, అది సర్కారు మాట అవ్వా, మేము తిట్టలేదు అన్నారు.

"సర్కారుదైతేంది, రాసిన చెయ్యి మనిషిదే గద! గుడ్డ వద్దంటలేను సారూ. నా పిల్లకు పేరుంది. పేరు వెట్టి పిలిచి ఇయ్యుండ్రి."

రిజిస్టరు దిద్దకూడదని ఆఫీసాయన అడ్డం వచ్చాడు. హెడ్మాస్టరు గారు ఆయనవైపు చూడనైనా చూడకుండా రిజిస్టరు తెప్పించి, ఎర్ర సిరాతో అనాథ అన్న మాట కొట్టేసి, పైన మా అమ్మమ్మ పేరు రాశారు. ఆమె నమ్మలేదు, నన్ను పైకి చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. అప్పుడు ఆయన నన్ను పేరు పెట్టి పిలిచి, గుడ్డ నా చేతికిచ్చారు.

ఇంత జరిగినదాన్నే, కోదాడలో టీచరునయిన కొత్తలో నేనేం చేశానో చెప్పకపోతే దొంగనవుతాను. నోటుపుస్తకాలు వచ్చాయని ఆఫీసు నుంచి జాబితా ఇచ్చారు. గంట అయిపోతోందన్న తొందరలో, పైన ఏముందో అదే చదివేశాను, "అనాథలు ముందుకు రండి" అని. గరిడేపల్లి నుంచి వచ్చి అక్క దగ్గర ఉండి చదువుకునే పిల్ల కూర్చున్నచోటు నుంచే, "మా అక్క ఉంది టీచర్, నేనెందుకు వస్తాను?" అంది. ఆ మరునాటి నుంచి మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళక్క మిషను కుడుతూ నన్ను కూర్చోమని కూడా అనలేదు. తప్పు నాదేనని నిలబడే చెప్పాను. ఆమె మిషను ఆపి, "రేపు పంపిస్తానులెండి" అంది. ఆ పిల్ల వచ్చింది. ఆ తర్వాత నా కొలువు అయిపోయేదాకా ఏ జాబితానూ నేను పేర్లతో తప్ప చదవలేదు.

మా మనవరాలు ఆ మాట అడిగిన ఆదివారమే సూర్యాపేటలో మా ఆడపడుచు కొడుకు తన మనవడి పుట్టినరోజు చేశాడు. హాస్టలు నుంచి ఇరవై మంది పిల్లలను ఆటోల్లో తెప్పించి, "అనాథలకు అన్నదానం" అన్న ఫ్లెక్సీ కింద వరుసగా కూర్చోబెట్టాడు. విస్తర్లలో వడ్డించిన అన్నం చల్లారిపోతోంది. ఫోనులో సరిగా పడలేదని ఎనిమిదేళ్ళ పిల్లతో రెండు చేతులూ జోడింపజేసి, థ్యాంక్యూ అంకుల్ అని మూడోసారి చెప్పిస్తున్నాడు.

నేను లేచి, ఆ ఫోను పక్కన పెట్టు, ముందు పిల్లలను తిననియ్యి అన్నాను. అతను నవ్వాడు. "గట్లంటవేంది అత్తమ్మా, పదిమందికి తెలిస్తెనే గద ఇంకో పదిమంది ముందుకొస్తరు!" చుట్టూ ఉన్న మావాళ్ళంతా తలలూపారు, ఒక్కరూ నా పక్కకు రాలేదు. నేనే పోయి ఆ పిల్ల పక్కన కూర్చుని, పేరడిగి, తిను తల్లీ అన్నాను. తలెత్తకుండా తింది. నేను ఇల్లు చేరేసరికి ఆ వీడియో నా ఫోనుకు వచ్చేసింది, కింద వరుసగా దండాల బొమ్మలు.

మా రోజుల్లో ఇచ్చేవాళ్ళు తక్కువ, ఇప్పుడు ఎక్కువయ్యారు, కాదనను. కానీ అప్పుడు తీసిన ఫొటో ఏ సేటు దగ్గరో ఉండిపోయేది, ఏ అవమానమైనా చూసినవాళ్ళు మరిచిపోతే చెల్లిపోయేది, పిల్ల పెద్దదై తన బతుకు తాను మొదలుపెట్టుకునేది. ఈ పిల్ల రేపు ఉద్యోగంలో చేరుతుంది, పెళ్ళి చేసుకుంటుంది, బిడ్డల తల్లి అవుతుంది. అప్పుడు కూడా ఎవరో ఒకరు ఫోను తీసి, చేతులు జోడించిన ఆ ఎనిమిదేళ్ళ పిల్లను ఆమెకే చూపించి, ఇది నువ్వే కదా అంటారు.