సగం చుట్టిన డేగ

మా బావ పోయాడు. పోయిన నెల ఓ ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "మీ బావ ఇంక నేరురా తమ్ముడూ" అంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మీకు ఆయన తెలియదు. అనకాపల్లిలో ఒక చిన్న కొట్టులో నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన దర్జీ.

పుట్టింది మాత్రం రాంబిల్లి వైపు, సముద్రం ఒడ్డున. అక్కడి వాళ్ళు గాలానికి తెల్ల ఈక కట్టి పడవ వెనక లాగుతారు. పెద్ద చేప దాన్ని చిన్న చేపనుకుని మింగుతుంది. పెద్ద చొక్కాని పిల్లాడికి ఆల్టర్ చేసినట్టు, బావ ఆ విద్యని మంచినీళ్ళ చేపలకి సరిపెట్టాడు. చిన్న గాలం, మిషను దారం, కోడి మెడ ఈక. నాలుగు చుట్లు చుడితే చేపని మోసం చేసే ఉత్తుత్తి పురుగు తయారు. వాటికి పందెం కోళ్ళ పేర్లే పెట్టాడు. నల్లది కాకి, ఎర్రది డేగ, తెల్లది సేతువ. పేటలో ఎవరింట్లో కోడి కూరైనా మెడ ఈకలు బావ కొట్టుకే చేరేవి.

మామిడి పిందె కట్టే రోజుల్లో ఇద్దరం కోనాం రిజర్వాయరుకి వెళ్ళేవాళ్ళం. గట్టు మీద కూర్చోగానే నేను డబ్బా తెరిచి, చూపుకి బాగున్న పురుగుని తీసేవాణ్ణి. నన్ను కూడా బావా అనే పిలిచే ఆయన వెంటనే అడ్డుపడేవాడు.

"డబ్బా ముయ్యి బావా. కొలత తియ్యకుండా గుడ్డ కత్తిరిత్తారేటి? ముందు నీల్లు సూడు."

తను నీళ్ళ అంచున గొంతుక్కూర్చుని చాలాసేపు చూసేవాడు. అలల్లో కొట్టుకొచ్చిన నిజం పురుగునొకదాన్ని అరచేతిలోకి తీసుకుని, "ఇయ్యాల ఎర్రవి పడతన్నాయి. డేగ కట్టు" అనేవాడు. నేను మొండివాణ్ణి. తెల్లదే కట్టేవాణ్ణి. ఆయన నాలుగు పరిగెలు పట్టేసరికి నాకు దారం తడవడమే మిగిలేది.

"సేపలకి నీ సొగసు నచ్చనేదు బావా" అని నవ్వి, తన గాలం నా చేతికిచ్చేవాడు.

రెండేళ్ళ కిందట షుగరు వల్ల చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించడానికి కూడా అక్కని పిలవాల్సి వచ్చేది. అప్పుడే నన్ను అడిగాడు. "నా కల్లున్నప్పుడే నేర్సుకో బావా. ఓ పది కట్టేవంటే సేతికి వచ్చేత్తాది." ఆదివారం వస్తానన్నాను. ఎన్ని ఆదివారాలు గడిచాయో లెక్కలేదు. ఆఫీసన్నాను, పెళ్ళిళ్ళన్నాను, ఎండన్నాను.

పైగా ఒక తెలివైన పని చేశాను. ఫోన్లో ఆర్డరు పెట్టి రెడీమేడ్ ప్లాస్టిక్ పురుగులు తెప్పించి, పెట్టెతో సహా తీసుకెళ్ళి ఇచ్చాను. "ఇంక నీకు శ్రమ లేదు బావా, కట్టక్కర్లేదు" అన్నాను. ఒక్కొక్కటీ వెలుగులోకి ఎత్తి చూశాడు. "బాగున్నాయి బావా" అన్నాడు. ఆ తరవాత నేర్చుకోమని మరి అడగలేదు. ఆయన బరువు దించానని నేను సంబరపడ్డాను కూడా. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పదకొండో రోజు వెళ్ళాక అక్కా నేనూ కొట్టు తెరిచాం. గోడకి మేకులు కొట్టి నా ప్లాస్టిక్ పురుగులన్నీ వరసగా వేలాడదీసి ఉన్నాయి. ఒక్కటీ నీళ్ళు చూడలేదు. "వచ్చినోల్లందరికీ మా బావ తెచ్చేడని సూపించీవోరురా" అంది అక్క.

మిషను సొరుగు లాగితే గుడ్డముక్కకి గుచ్చిన గాలం ఒకటి కనిపించింది. దాని మీద ఎర్ర ఈక సగమే చుట్టి ఉంది. మిగిలిన ఈక లేచి నిలబడింది, దాని మీద సన్నగా దుమ్ము. దారం తెంపలేదు, ఉండకే అంటుకుని ఉంది.

"కళ్ళు కనిపించక ఆపేశాడా?" అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది. "కాదురా. కట్టడం వచ్చు ఆరికి, తడుంకునైనా కట్టీవోరు. 'మిగతాది బావ వచ్చినప్పుడు బావ సేతే సుట్టిత్తాను, ముట్టకండి' అన్నారు."

గాలాన్నీ దారపు ఉండనీ విడదీయకుండా ఇంటికి తెచ్చుకున్నాను. ఇది రాస్తున్న బల్ల మీదే ఉంది. ఫ్యాను గాలికి ఆ ఎర్ర ఈక కదులుతోంది. ఇందాక ఆ దారాన్ని వేళ్ళతో పట్టుకున్నాను. కుడికి తిప్పాలో, ఎడమకి తిప్పాలో నాకు తెలియదు.