రేడియోలో చదివిన ఉత్తరం

మా ముత్తాత, తాత ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలిపటేళ్లు. వాళ్లు వస్తుంటే జనం లేచి నిలబడేవారు. అందుకే మా పసుపుకు దుంపకుళ్లు పట్టినప్పుడు సలహా అడగడం నాకు నామోషీ అనిపించింది. రేడియో వ్యవసాయ కార్యక్రమానికి మా జీతగాడి పేరుతో ఉత్తరం రాశాను. అనౌన్సర్ ఆ పేరు చదివి, ఏ మందు పోయాలో ఓపిగ్గా చెప్పారు.

మొన్న ఆ అనౌన్సర్ చనిపోతే, ఆర్మూర్ మార్కెట్ యార్డులో శ్రోతలు సంతాపసభ పెట్టారు. ఇప్పుడు ముసలివాడైన మా జీతగాడు మైకు అందుకున్నాడు.

"గా సారు నా పేరు రేడియోల చదివిండు."

"నీకు రాసుడు ఎప్పుడొచ్చిందే కాకా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు.

అతను నావైపు చూసి, "రాయించుకున్న బిడ్డా," అన్నాడు.

ముందు వరుసలో తల వంచుకున్నానే గాని, లేచి నిజం చెప్పలేకపోయాను. ఆ మందుతో బతికిన రెండెకరాల చేను నిరుడు అంకాపూర్ రైతులకు అమ్మేశాం.