రెండు బౌలింగ్ సంఘాల వియ్యం

ఈ శుక్రవారం మధ్యాహ్నం అల్ వుకైర్‌లోని మా అబ్బాయి ఫ్లాట్‌లో భోజనం చేసి నడుం వాల్చబోతుంటే, ఫోన్‌లో మా తెలుగు బౌలింగ్ సంఘం కార్యదర్శి పెట్టిన కబురు కనబడింది. ఆటకు మనుషులు రావడం లేదు కాబట్టి సంఘాన్ని మూసేద్దామనుకుంటున్నామనీ, ఎవరికైనా అభ్యంతరముంటే సాయంత్రంలోగా చెప్పమనీ దాని సారాంశం. సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను. చేతులు జోడించిన బొమ్మలు కొన్ని వచ్చాయి తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఏమని అనను? రెండు సంఘాలు కలిసి ఒకటైన నాడే అది పోయింది. సమాధి ఇవాళ చేస్తున్నాం, అంతే.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మనం ఈ ఎడారి దేశానికి వచ్చిన కొత్తల్లో వారానికి ఉన్న ఒక్క సెలవు శుక్రవారం. ఆ ఒక్క రోజూ గదిలో గోడలు చూస్తూ పడుకోలేక, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన ఆఫీసు ఉద్యోగులం కొందరం, ఇక్కడ ఆరాధన కూడా సెలవు రోజైన శుక్రవారమే గనుక, పొద్దున చర్చికి వెళ్ళి, మధ్యాహ్నం బౌలింగ్ ఆడడం మరిగాం. నున్నటి చెక్క బాట మీద బరువైన బంతిని దొర్లించి చివర నిలబెట్టిన పిన్నుల్ని పడగొట్టే ఆట అది. ఊళ్ళో గోళీలు తప్ప ఎరగని వాళ్ళం దానికి ఏకంగా సంఘమే పెట్టుకున్నాం. మా పక్క బాటల మీద కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి కట్టడాల సైట్లలో పనిచేస్తూ కూలీల క్యాంపులో ఉండేవాళ్ళు ఆడేవారు. వాళ్ళ సంఘం వాళ్ళది. మా బంతి దారి తప్పి పక్కనున్న గాడిలో పడితే, గోదావరోళ్ళకు కాలువ కనబడితే దిగకుండా ఉండలేరని వాళ్ళు ఎగతాళి చేసేవారు. వాళ్ళ బంతి ధన్‌మని పడితే, ఇది సెంట్రింగ్ పని కాదు నాయనా అని మేం అనేవాళ్ళం.

ఏడాదికోసారి రెండు సంఘాలకూ పోటీ జరిగేది. ఎవరు మొదలుపెట్టారో గానీ ఆ పోటీని వియ్యమనే అనేవాళ్ళం. గెలిచినవాళ్ళు మగపెళ్ళివారు, ఓడినవాళ్ళు ఆడపెళ్ళివారు. ఓడినవాళ్ళు పై శుక్రవారం స్వయంగా వండి వడ్డించాలి, గెలిచినవాళ్ళు పీకలదాకా తిని, ఉప్పు తక్కువైందనో మర్యాద తక్కువైందనో అలగాలి, ఆ అలక తీర్చేదాకా వీళ్ళు బతిమాలుకోవాలి. మేం ఓడితే చేపల పులుసు, వాళ్ళు ఓడితే బగారన్నం, మటన్. నిజం చెప్పొద్దూ, ఆ బగారన్నం కోసమైనా గెలవాలని మా వాళ్ళు చర్చిలో కూడా ప్రార్థించేవారు.

మా సంఘానికి పెద్దను నేను. వాళ్ళ సంఘం పెద్ద మా కంపెనీలోనే ఇనుప కడ్డీలు వంచే పని చేసేవాడు. అతనూ నేనూ వియ్యంకులం కాబట్టి నాకతను బావ, అతనికి నేను బావ. మిగతా వారమంతా నేను ఆఫీసులో కుర్చీలో కూర్చుంటే, అతను సెలవు కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడాల్సిన మనిషే. మేం ఓడిన ఏడు పెళ్ళివిందు నాడు మాత్రం నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే దర్జాగా చేతులు కడుక్కునేవాడు. అలగడంలో అతన్ని మించినవాడు లేడు. గోడవైపు తిరిగి కూర్చుని, ఈ సంబంధం వద్దే వద్దని బస్సెక్కబోయేవాడు. నేను గడ్డం పట్టుకుంటే గానీ మెత్తబడేవాడు కాదు. ఆ ముచ్చట తర్వాత తర్వాత ఆఫీసు దాకా వచ్చింది, చుట్టుపక్కల ఎవరూ లేకపోతే తలుపు దగ్గర కూడా మెల్లగా బావా అనేవాడు. భార్యాబిడ్డల్ని సముద్రానికి అవతల వదిలి వచ్చిన నాకు ఆ ఒక్క పిలుపు చాలా రోజులు సరిపోయేది.

ఇంతలో, దేశదేశాల జట్లకు పోటీలు పెట్టే పెద్ద సంఘం వాళ్ళు ఒక భాషకు ఒకే సంఘమని మెలిక పెట్టారు. రెండు వైపుల వాళ్ళం కలిసి సభ చేసుకున్నాం. తెలుగువాళ్ళంతా ఒక్కటి కావాలని మా వాళ్ళు ఉపన్యాసాలిచ్చారు. వద్దనడానికి అందరికీ మొహమాటమే. వాళ్ళను వేరుగా చూస్తున్నామనుకుంటారేమోనని మాకు, చదువుకున్నవాళ్ళ మాట కాదంటే బాగుండదని వాళ్ళకు. అతనొక్కడే లేచి నిలబడ్డాడు.

“ఇద్దరం ఒక్కింటోళ్ళమైతే ఇగ పిల్లనెవలిస్తరు బావా?”

అందరూ విరగబడి నవ్వారు. తర్వాత అందరూ చేతులెత్తారు, అతను కూడా ఎత్తాడు.

మొదటికే మోసం అక్కడే వచ్చింది. ఒకే సంఘమయ్యాక ఒక్క అధ్యక్షుడే కదా ఉండాలి. ఇంగ్లీషులో ఉత్తరాలు నడపాలి గనుక పదవులన్నీ మావైపుకే వచ్చాయి, నేను ఉపాధ్యక్షుణ్ణయ్యాను, నిన్నటిదాకా నాతో సమానంగా సంఘానికి పెద్దగా ఉన్నవాడు ఉత్త సభ్యుడయ్యాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, ఉంటే వాళ్ళనన్నా తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. ఆట అల్ రయ్యాన్‌లో కొత్తగా కట్టిన చోటికి మారింది, అటు క్యాంపు బస్సు రాదు. చీటీలు వేసి మావాళ్ళనూ వాళ్ళనూ కలిపి జట్లు చేశారు. ఇక ఎవరు గెలిస్తే ఎవరికి గొప్ప?

ఆ ఏడాది వార్షిక భోజనం హోటల్ నుంచి పెట్టెల్లో వచ్చింది. అన్నం పలుకు, కూర చప్పన. ఇంత నాసిరకం పెళ్ళి ఎక్కడా చూడలేదని దెప్పుతాడని ఆశపడి, ఓ స్తంభం పక్కన కూర్చుని తింటున్న అతని దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే పెట్టె కింద పెట్టి గబుక్కున లేచి నిలబడ్డాడు.

“తిన్నరా సార్?”

ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. ఎగతాళైతే బతికిపోయేవాణ్ణి. ఉపాధ్యక్షుడికి ఇవ్వాల్సిన మర్యాద మనస్ఫూర్తిగా ఇస్తున్నాడు. తిన్నానని అబద్ధం చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత క్యాంపు వాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. అతను వీసా రద్దు చేసుకుని ఊరికి వెళ్ళిపోయిన సంగతి కూడా నాకు వేరేవాళ్ళు చెబితే తెలిసింది. వెళ్ళేవాడు మాట మాత్రం చెప్పలేదేమని నేను అలగొచ్చు. కానీ ఏ వరసతో అలగను?

ఇవాళ ఇక్కడ మనవాళ్ళ సంఘాలకు కొదవ లేదు, ప్రతి వేదిక మీదా ఐకమత్యమే, నన్ను కూర్చోబెట్టి శాలువా కూడా కప్పుతారు. పెద్దవాళ్ళు సార్ అంటారు, పిల్లలు అంకుల్ అంటారు. ఇంతమంది తెలుగువాళ్ళలో, నా వంటలో ఉప్పు తక్కువైందని గోడవైపు తిరిగి కూర్చునే మనిషి ఒక్కడూ లేడు.