తూర్పు వైపు పీకిన గడ్డి

పామర్రు దగ్గర మా ఊళ్ళో ఒక ఇంటిని ఇప్పటికీ ‘కబురిచ్చినోళ్ళ ఇల్లు’ అంటారు. ఓడిపోయిన ఆ సాయుధ పోరాటంలోకి మా ఊరినుంచి వెళ్ళినవాళ్ళలో మా అమ్మమ్మ తమ్ముడొకడు. అతను మా గడ్డివాములో దాక్కున్నాడని పోలీసులకు చెప్పింది పక్కింటాయనేనని ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. చిన్నప్పుడు ఆ ఇంటి పిల్లాడి నుదురు రాయితో పగలగొట్టి, శభాష్ అనిపించుకున్నాను కూడా.

పోలీసులు తుపాకులకు తగిలించిన కత్తులతో వాముని పొడిచారు. మొదటి పోటుకు అతను కిక్కురుమనలేదట. మూడో పోటుకు గడ్డి ఎర్రబడింది. కాళ్ళు పట్టి బయటికి ఈడ్చి, అక్క కళ్ళెదుటే తుపాకీ మడమలతో మొహం చితక్కొట్టి చంపారు. వాళ్ళటు వెళ్ళగానే ఊరు పక్కింటాయన మీద పడింది. రోకళ్ళతో రెండు మోకాళ్ళూ విరగ్గొట్టారు. ఆయన బతికినన్నాళ్ళూ పాకుతూనే బతికాడు.

ఆ ఇంటి ముందునుంచి వెళ్ళాల్సొస్తే అమ్మమ్మ చుట్టూ తిరిగి వెళ్ళేది. పగ అనుకునేవాళ్ళం.

చివరి రోజుల్లో ఆవిడ భవానీపురంలో మా ఇంట్లోనే ఉంది. ఒక మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుంది.

“పక్కింటాయన చెప్పలేదే. వాన తూర్పునించి కొడుద్దని వాముని పడమటేపే పీకుతాం గదా. వాడికి అన్నం అందించటానికి నేను తూర్పేపు పీకా. ఆ పోలీసుల్లో ఒకడు రైతుబిడ్డ. ‘వాన కొట్టేపు గడ్డెవడు పీకుతాడ్రా?’ అన్నాడు. నా చెవులతో విన్నా.”

“మరి ఆయన్ని కొడుతుంటే చెప్పలేదేం?”

“నన్ను కొడతారని భయమేసిందే.”

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ చెయ్యి వదల్లేకపోయాను.

మొన్న ఊళ్ళో అమ్మమ్మ తమ్ముడి స్తూపం ఆవిష్కరణకి నన్ను మాట్లాడమన్నారు. మైకులో ఉన్నదున్నట్టు చెప్పేశాను. మా మావయ్య కొడుకు మైకు లాక్కుని చెంప పగలగొట్టాడు. ఎవరిదో రాయి వచ్చి నుదుటికి తగిలింది. కళ్ళలోకి రక్తం కారుతుంటే రోడ్డవతలికి నడిచాను. నుదుటిమీద చిన్నప్పటి నా రాయి దెబ్బ మచ్చతో ఆ ఇంటి మనవడు అక్కడ నిలబడి ఉన్నాడు.

“మీకు తెలియాలని చెప్పానండీ,” అన్నాను.

“మాకు తెలుసండీ. మీ అమ్మమ్మగారు తూర్పేపు పీకటం మా తాత గోడమీంచి చూశాడంట. మోకాళ్ళు విరుగుతున్నా ఆవిడ పేరెత్తలేదు. ఆడకూతుర్ని చంపేస్తారని.”

“మరి ఇన్నేళ్ళూ మీరైనా చెప్పలేదేం?”

“మేం చెబితే ఎవరు నమ్ముతారండీ?”