మనోరమ గీసిన బొటనవేలు

సూర్యనారాయణమూర్తిగారి అబ్బాయి బుచ్చిబాబు జపాను వెళ్తున్నాడని తెలిసిన రోజున చిక్కడపల్లిలో వాళ్ళ వీధి వీధంతా సంబరపడింది, ఒక్క మనిషి తప్ప. ఆ ఒక్క మనిషీ ఎవరో బయటివాళ్ళు కారు, వాడి సొంత అక్క మనోరమ.

తమ్ముడు బాగుపడితే అక్క కుళ్ళుకుంటుందా అని ముక్కున వేలేసుకోకండి. ముందు సంగతి వినండి. మూర్తిగారు కర్నూలు నుంచి రాజధానితో పాటే హైదరాబాదు వచ్చిన గుమాస్తా. మనోరమ పి.యు.సి. లెక్కల్లో ఫస్టు క్లాసు తెచ్చుకుంది. ఇంజినీరింగు చదివించే స్తోమత ఒక్కరికే ఉందన్నారు పెద్దవాళ్ళు. ఆ ఒక్కరూ అప్పటికింకా నిక్కరేసుకుని గోళీలాడుతున్న బుచ్చిబాబు. మనోరమ ట్రేసరు పని నేర్చుకుని నారాయణగూడలో ఒక ఆఫీసులో చేరింది. ఇంజినీర్లు పెన్సిలుతో గీసిన పటాలను పల్చటి ట్రేసింగు గుడ్డ మీద నల్లసిరాతో ఎత్తి గీయడం ఆ పని.

ఆ రోజుల్లో ఇంజినీరింగు కుర్రాడున్న ప్రతి ఇంట్లోనూ వాడి రికార్డులు రాసిపెట్టడానికి అక్కో, చెల్లెలో, వదినో ఉండేది. చొక్కాకి గుండీ కుట్టిపెట్టినంత మామూలు సంగతి అది. బుచ్చిబాబు డ్రాయింగు షీట్లన్నీ మొదటి ఏడాది నుంచీ మనోరమే గీసేది. మార్కులు మాత్రం వాడికి పడేవి.

అరవైతొమ్మిదిలో ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. బుచ్చిబాబు అశోక్ నగర్ టీకొట్ల దగ్గర కాలక్షేపం చేస్తూ ఒక కబురు పట్టుకొచ్చాడు. జపానులో ఒక ప్రొఫెసరు మరమనిషికి ఇనుప చేతులు తయారుచేస్తున్నాడట. ఆరు నెలలు తన ప్రయోగశాలలో పని నేర్చుకునేందుకు పైదేశం విద్యార్థిని ఒకణ్ణి పిలుస్తున్నాడట. మార్కులతో పనిలేదు, మంచినీళ్ళ గ్లాసు పగలకుండా పట్టుకోగల చెయ్యి ఒకటి ఊహించి పటం గీసి పంపితే చాలు.

“అక్కయ్యా, ఓ చెయ్యి గీసిపెడుదూ!” అన్నాడు.

మనోరమ మూడు ఆదివారాలు తన చేతినే ముడుస్తూ, తెరుస్తూ, ఏ కణుపు ఎంత వంగుతుందో కొలుచుకుంటూ గీసింది. ఊహా ఆమెదే, గీతా ఆమెదే. బుచ్చిబాబు వాటా అడుగున సంతకం. వాడే ఎంపికయ్యాడు.

వచ్చినవాళ్ళందరికీ మైసూరుపాకు పంచారు. మనోరమ తన ముక్కను పక్కింటి పిల్లాడి చేతిలో పెట్టేసింది. విమానం ఆగిపోతే బాగుండునని కూడా అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది, సిగ్గుపడుతూనే మళ్ళీ అనుకుంది.

ప్రయాణం రోజున తల్లి ఉప్పూ ఎండుమిరపకాయలూ ఆమె చేతికే ఇచ్చింది. “వీధిలో అందరి కళ్ళూ వీడి మీదే. నువ్వు దిష్టి తియ్యవే, ఇంటి ఆడపడుచువి.”

మనోరమ తమ్ముణ్ణి కూర్చోబెట్టి మూడుసార్లు తిప్పింది. ఇరుగు దిష్టి అంది, పొరుగు దిష్టి అంది. అసలు దిష్టి ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. నిప్పుల్లో వేసిన మిరపకాయలకు రవ్వంత ఘాటు రాలేదు. “చూశావా, ఎంత దిష్టో!” అని తల్లి బుగ్గలు నొక్కుకుంది.

నెల తిరిగేసరికి అక్కయ్య పేర ఉత్తరం వచ్చింది. ప్రయోగశాలలో అందరూ జపానీ మాట్లాడతారట, వాడికి ఒక్క ముక్క అర్థం కాదట. వచ్చీరాని ఇంగ్లీషు ఉన్నవాళ్ళు కూడా లేరట, ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా వాడి దగ్గరికే తెస్తారట. మాట కుదరనిచోట ప్రొఫెసరు కాగితం, పెన్సిలు ముందుకు తోసి గీయమంటాడట. “చెయ్యి బెణికిందని కట్టు కట్టుకు తిరుగుతున్నాను. ఈ కట్టు ఎన్నాళ్ళు ఆగుతుంది? బొటనవేలు వివరంగా గీసి వెంటనే పంపకపోతే నన్ను ఇంటికి పంపేస్తారు.”

మనోరమ కడుపుబ్బ నవ్వుకుంది. చాలారోజుల తర్వాత ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. పంపకూడదనే నిశ్చయించుకుంది కూడా. కానీ తల్లి ఏడుపు మొదలుపెట్టింది, తండ్రి ఇంటి పరువన్నాడు. వాటికి లొంగేది కాదేమో గాని, బొటనవేలు ఆమెను లొంగదీసింది. తక్కిన నాలుగు వేళ్ళకూ ఎదురు తిరిగే ఆ వేలు ఎలా తిరుగుతుందో తేల్చుకోనిదే ఆమెకు తోచలేదు. నాలుగు రోజులు గీసింది. జన్మలో అంత బాగా ఎప్పుడూ గీయలేదు.

తన కోసం ఒక కాపీ ఉంచుకుందామని ఆఫీసులో ఈదయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. పటాలను ఎండలో పెట్టి నీలం కాపీలు తీసే పని అతనిది, పాలమూరు మనిషి.

“గీత జూస్తెనే చెప్త అమ్మా, గిది నీదే,” అన్నాడు ఈదయ్య. “మరి పేరు కాడ ఖాళీ ఉంచినవేంది?”

“తమ్ముడు రాసుకుంటాడు.”

“గదేంది! చేసింది నువ్వాయె, పేరు ఆయనదా? జర సోంచాయించు తల్లీ.”

మనోరమ అక్కడే కలం తీసి తన పేరు రాసి పంపించింది.

మూడు వారాలకు జవాబు వచ్చింది. మూర్తిగారు వాకిట్లో నిలబడి పైకి చదివారు. “అక్కయ్యా, పరధ్యానంలో నీ పేరు రాసేశావు. బ్లేడుతో గీకి నా పేరు పెట్టాను, మచ్చైనా పడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు మణికట్టు కావాలిట.”

“గట్టివాడే!” అని మూర్తిగారు మురిసిపోయారు.

ఆమెకు కలిగింది ధర్మాగ్రహం అని రాయచ్చుగాని అది అబద్ధం. అచ్చమైన అసూయే. తన వేలికి ఎవరో కొట్టిన చప్పట్లు వాడి చెవిన పడ్డాయని ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ప్రొఫెసరుకు నేరుగా ఉత్తరం రాద్దామంటే, ఇంగ్లీషు కాగితం వాడి చేతికే వెళ్తుంది. గీసి చెప్పాలి. పేరు రాస్తే గీకేస్తాడు.

మణికట్టు గీసింది. ప్రతి కీలూ, ప్రతి కొలతా వేసి, ఆ ఇనుప మణికట్టుకు ఆరు మట్టిగాజులు తొడిగింది. గాజుల గీతలు కీళ్ళ గీతల మీదుగానే వెళ్ళాయి. గాజు గీకితే మణికట్టే పోతుంది. చిరునామాలో ప్రొఫెసరు పేరు, వెనక తన పేరు రాసి నారాయణగూడ పోస్టాఫీసులో రిజిస్టరు చేయించింది.

“తమ్ముడికి పంపావా?” అంది తల్లి.

“ప్రొఫెసరుగారికి పంపాను.”

“ఎవరికైతేనేం, వాడికోసమేగా!” అని తల్లి పొయ్యి మీది కూర వైపు తిరిగింది. ఆ నెలంతా మనోరమ ఆఫీసు నుంచి రాగానే ముందు టపా సంగతే అడిగేది.

రెండు కవర్లు ఒకే రోజు వచ్చాయి. మొదటిది బుచ్చిబాబుది. “కొంప ముంచావు. ప్రొఫెసరు నన్ను పిలిచి నీ పటంలో గాజులు చూపించాడు, తర్వాత నా చేతివంక చూశాడు. నేనేం చూపించను? ఇంటికి పంపలేదు గాని ఆకురాయి చేతికిచ్చి ఇనప ముక్కలు రుద్దమన్నారు. అరిచేతులు బొబ్బలెక్కాయి.” ఈ ఉత్తరం మూర్తిగారు పైకి చదవలేదు. మనోరమ వంక చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు.

రెండోది ఆయన అలవాటుకొద్దీ విప్పబోయి, పేరు చూసి ఆగి, కూతురికిచ్చారు. లోపల ఉత్తరం లేదు. ప్రొఫెసరు స్వయంగా గీసిన పటం. ఆమె మణికట్టే, గాజులతో సహా. ఒక కీలు చుట్టూ ఎర్ర సున్నా, పక్కన పెద్ద ప్రశ్నార్థకం.

మనోరమ గాజులు మోచేతికి ఎగదోసి చెయ్యి తిప్పి చూసుకుంది. మళ్ళీ తిప్పింది. ఆయన పట్టుకున్నది నిజమే, అక్కడ తన లెక్క తప్పింది. ఆ తప్పు తనకంటే ముందు ఆయన కంటపడిందని ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ తాగవే అని తల్లి పిలుస్తున్నా వినకుండా పెన్సిలు చెక్కుకుని కూర్చుంది.